ప్రభువు బల్ల మీద చాయ్‌దాని

మా చర్చి సంఘంలో ఇప్పుడు నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల నాడు రసాన్ని చిన్న చిన్న గ్లాసుల్లో పోసి, పళ్ళెంలో పెట్టి వరుసల్లోకి పంపిస్తారు. బొటనవేలంత గ్లాసు. ఎవరిది వారిదే. పోయిన నెల ఆరాధన అయ్యాక ఇంటికి వస్తుంటే నా మనవరాలు అడిగింది: "అమ్మమ్మా, ఈ గ్లాసులు లేనప్పుడు మీరు దేంట్లో తాగేవాళ్ళు?" ఒకే గిన్నెలో అన్నాను. "అందరూనా?" అంది ముఖం చిట్లించి. అందరూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అది అబద్ధమవుతుంది. దానికి ఇంకేదో చెప్పి మాట మార్చాను. ఆ పిల్లకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మా నాయిన రేకు పని చేసేవాడు. పాలమూరు నుంచి కృష్ణానది వైపు పోయే బస్సు రోజుకు రెండుసార్లు ఆగే ఊరు మాది. బుడ్డిదీపాలు, గరాటాలు, పాలవాళ్ళ కొలతలు అన్నీ చేసేవాడు కానీ, పేరు మాత్రం చాయ్‌దానులకే వచ్చింది. అడుగు వెడల్పుగా, మెడ సన్నగా, కొంగ మెడలాంటి ముక్కుతో ఉండే ఆ పాత్రలను ఆత్మకూరు, నారాయణపేట బస్సు అడ్డాల దగ్గరి హోటళ్ళవాళ్ళు వచ్చి పట్టుకుపోయేవారు. పాలమూరులో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర ఏడేళ్ళు ఉండి ఆ పని నేర్చుకున్నాడట.

రేకు ఎక్కువగా దీపాలకు పోసే గ్యాసునూనె డబ్బాల నుంచే వచ్చేది. డబ్బాను నిలువునా చీల్చి, పరిచి, చెక్క సుత్తితో వంకరలు తీసి, బూడిదతో తోమేవాడు. ఎంత తోమినా వాసన పోయేది కాదు. మా జొన్నరొట్టెలకు, జొన్నరవ్వతో కాచే గటకకు, నా తలవెంట్రుకలకు కూడా గ్యాసునూనె వాసనే. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు "నీ నెత్తిల దీపం ముట్టియ్యొచ్చే" అని ఏడిపించేవారు.

నాయిన పని మొత్తం మడతలో ఉండేది. మిగతా ఊళ్ళ పనివాళ్ళు రేకు అంచులను ఒకదాని మీద ఒకటి పెట్టి సీసం కరిగించి మాటు వేసేవారు. నాయినకు అది నచ్చేది కాదు. "మాటు పెట్టేది పని రానోడు బిడ్డా. మడత మడతను పట్టుకుంటే నీళ్ళకు తోవ ఏడిది?" అనేవాడు. రెండు చేతుల వేళ్ళను కొక్కేల్లా వంచి, ఒకదానిలో ఒకటి తగిలించి, "లాగు, ఊడుతదేమో చూడు" అని నాకు చూపించేవాడు. నేను వేలాడినా ఊడేవి కావు. రేకు అంచులను కూడా అట్లాగే ఎదురెదురుగా వంచి, తగిలించి, దాగలి మీద పెట్టి చెక్క సుత్తితో నొక్కుతూ పోయేవాడు. పూర్తయిన పాత్రలో నీళ్ళు నింపి పొడి బూడిద మీద పెట్టి వదిలేసేవాడు. సాయంత్రానికి బూడిద తడవకపోతేనే అమ్మేవాడు. తడిస్తే మళ్ళీ విప్పేవాడు.

నేను ఆ కత్తిరింపు ముక్కలతో పీకలు చేసి ఊదేదాన్ని. ఒకసారి చెవికమ్మలు చేసుకుని పెట్టుకుంటే చెవి తెగి మెడ మీదికి నెత్తురు కారింది. అవ్వ పసుపు అద్దుతూ, "బంగారం లేకపోతె పాయె, ఇనుం పెట్టుకున్నవా కోడిదానా" అని తిట్టింది. అవ్వ అంటే నాయిన తల్లి. ఇంట్లో ఆమె ఒక్కతే బాప్తిస్మం తీసుకోలేదు. ఇంటి వెనక ఒక రాయికి పసుపు పూసి ఎల్లమ్మకు మొక్కేది. నాయిన పొద్దున వాక్యం చదువుతుంటే మాత్రం గడపలో కూర్చుని వినేది. విని, అడగకూడని ప్రశ్నలు అడిగేది.

అప్పటికి అమ్మ ఇంట్లో లేదు. నాకు అయిదేళ్ళప్పుడు అమ్మ మోచేతి మీద పాలిపోయిన మచ్చ వచ్చింది. గుచ్చితే తెలియలేదు. మా వైపు దాన్ని పెద్దరోగం అనేవారు, అసలు పేరు పలికితే అంటుతుందన్నట్టు. అలాంటి రోగుల కోసమే పెట్టిన దవాఖానకు నాయిన అమ్మను తీసుకుపోయి వదిలి, ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆరేళ్ళు. ఏడాదికి రెండుసార్లు పోయి చూసి వచ్చేవాడు. నన్ను ఎప్పుడూ తీసుకుపోలేదు. రాత్రి ప్రార్థనలో అమ్మ పేరు చెప్పినప్పుడు నాయిన గొంతు మారేది కాదు కానీ, ఆమేన్ తర్వాత చాలాసేపు తల ఎత్తేవాడు కాదు.

నాకు పదకొండో ఏట అమ్మ వచ్చింది. రోగం పూర్తిగా పోయిందని, ఎవరికీ అంటదని డాక్టరు రాసిచ్చిన చీటీని కొంగుకు ముడివేసుకుని వచ్చింది. బస్సు దిగిన మనిషిని చూసి నేను నాయిన వెనక్కి పోయాను. చేతివేళ్ళు లోపలికి వంగి అట్లాగే నిలిచిపోయి ఉన్నాయి. కనుబొమల మీద వెంట్రుకలు లేవు. నవ్వు మాత్రం నాకు గుర్తున్నదే. అవ్వ వాకిట్లో నిలబడి ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"వేరే తలె ఉంటె ఇయ్యి అత్తా. నాకు దాంట్లనే పెట్టు" అంది అమ్మ, ఇంకా లోపలికి అడుగుపెట్టకముందే.

"వేరే తలె కొనేటంత పైస నీ మొగని తాన లేదు. కాళ్ళు కడుక్కొని రా" అంది అవ్వ. ఆ రోజు అవ్వ తన తలెలోనే, తను తినే కంచంలోనే, గటక కలిపి, సగం తిని, సగం అమ్మ ముందుకు తోసింది. అమ్మ చాలాసేపు ముట్టుకోలేదు. "సల్లారుతది, తిను" అని అవ్వ కసిరింది.

అమ్మ చేతులకు వేడి తెలిసేది కాదు. పొయ్యిలోంచి కట్టె తీసేటప్పుడు, నాయిన పెట్టిన వేడి ఇనుము జరిపేటప్పుడు మేమే అరవాలి. ఒకసారి వాసన ముందు నాకు తెలిసింది, ఆ తర్వాత అమ్మకు. "కాలుతున్నదా?" అని తన చేతిని తానే చూసుకుని నన్ను అడిగింది.

వారం తిరగకుండా సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. ఆయన్ని చెడ్డవాడని రాస్తే తప్పు చేసినదాన్నవుతాను. కలరా వచ్చిన ఏడు ఎవరూ ముట్టని శవాలను తన బండి మీద వేసుకుని పోయినవాడు. ఆయన ప్రార్థన చేస్తుంటే పిల్లలమైన మాకు కూడా కళ్ళు తడిసేవి. నులకమంచం మీద కూర్చుని, అవ్వ ఇచ్చిన సల్ల తాగి, ముందు దేవునికి స్తోత్రం చెప్పాడు.

"చీటీ చూసిన. గొప్ప కార్యం జేసిండు ప్రభువు. నాకు మస్తు సంతోషమైంది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గని మనుషులు గద. బలహీనులు. మీ ఇంటామె తాగిన గిన్నెల మేమెట్ల తాగాలె అని ఆడోళ్ళు నా పెండ్లాం తోటి అన్నరంట. బల్ల కాడ లొల్లి గావద్దు."

నాయిన సుత్తి ఆపలేదు.

"దేవుడే ఒక ఉపాయం తోపిచ్చిండు" అన్నాడు పెద్ద. "నువ్వు చాయ్‌దానులు జేస్తవ్ గద, ఒకటి బల్లకు జెయ్యి. ముక్కు జర పొడుగ్గ ఉండాలె. పైకెల్లి పోస్తె పెదవికి తగలకుంట సీదా నోట్లె పడాలె. పై నెల బల్లకు అందుతదా?"

సుత్తి ఆగింది. నాయిన ముఖం మీద ఆరేళ్ళుగా నేను చూడని వెలుగు వచ్చింది. "అందుతది పెద్దయ్యా. మంచిగ జేస్త" అన్నాడు.

ఆయన పోయాక అవ్వ చీపురు పట్టుకుని వచ్చి నాయిన ముందర నిలబడింది. లోపల అమ్మ రొట్టెలు కాలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎంతమందికి పోస్తరంటరా అండ్లకెల్లి?"

"అందరికవ్వా. ఇగ గిన్నె తీసి పక్కకు పెడ్తరు. అందరికి పైకెల్లి పోస్తె ఇగ వేరేముంది? నీ కోడలు నడి వరుసల కూసుంటది."

"అందరికని అన్నడా నోటితోటి?"

"ఇంకెందుకు జెపిస్తడవ్వా?"

"అడుగరాదురా మల్ల ఒకపారి."

"అడిగేదేముంది? నాకు సమజ్ గాదా?" అని నాయిన విసుక్కున్నాడు. అడిగితే ఏ జవాబు వస్తుందోనన్న భయం ఆయనలో ఎక్కడో ఉండి ఉంటుందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నేను నాయిన వైపే ఉన్నాను.

ఈ పాత్రకు డబ్బా రేకు పనికిరాదన్నాడు. పాలమూరు పోయి కొత్త తగరపు రేకు తెచ్చాడు. అద్దంలా మెరిసే రేకు. దాని ముందు కూర్చుని నేను నాలుక బయటపెట్టి చూసుకుంటుంటే, "ప్రభువు బల్ల మీదికి పోయే రేకు అది, నీ నాలికె కాదు ముందు చూడాల్సింది" అని నవ్వాడు. సీసం ఎక్కడా తగలనివ్వనన్నాడు. పవిత్రమైన దాన్ని సీసం మీదుగా పోయకూడదని ఆయన పట్టుదల. మొత్తం మడతలతోనే నిలబడాలి.

ముందు కొలత. సంఘంలో బాప్తిస్మం పొందినవారు నలభైమందికి పైగా ఉండేవారు. నాయిన కళ్ళు మూసుకుని, ఆదివారం ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఆ వరుసలోనే ఒక్కొక్కరినీ పిలుస్తుంటే, నేను ఒక్కో పేరుకు ఒక్కో గుక్కెడు నీళ్ళు కుండలో పోశాను. మగవాళ్ళ వరుస అయిపోయింది. ఆడవాళ్ళ వరుస మొదలై మధ్యలోకి వచ్చాక కళ్ళు తెరిచాడు. "ఈడ మీ అమ్మకు పొయ్యి" అన్నాడు. పోశాను. "ఇంకో జర్రంత ఎక్కువ పొయ్యి. ఆరేండ్ల ఆకలి" అన్నాడు.

పాత్ర ఒళ్ళు రెండు రోజుల్లో అయింది. ముక్కుకే వారం పట్టింది. నెలవంకలా కత్తిరించిన రేకును ఇనుప కడ్డీ చుట్టూ చుట్టి, అంచులు మడిచి, సన్నని గొట్టం చేశాడు. దాన్ని అట్లాగే వంచితే నొక్కుకుపోతుంది. అందుకని గుగ్గిలం కరిగించి గొట్టంలో నింపి, గట్టిపడ్డాక మోకాలి మీద పెట్టి కొంచెం కొంచెంగా వంచి, మళ్ళీ సెగ చూపించి గుగ్గిలం కార్చేశాడు. ఇల్లంతా ఆ పొగ. అమ్మ వాకిట్లోకి వచ్చి, "గుడిసె గాదు, దేవాలయం లెక్క వాసనొస్తున్నది" అంది. ముక్కు కొస పాత్ర పై అంచుకు సమంగా రావాలి. తక్కువైతే నిండకముందే కారుతుంది. నాయిన దారం పట్టి కొలిచాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. ఒక రాత్రీ పగలూ బూడిద మీద నిలబెట్టాడు. బూడిద పొడిగానే ఉంది.

"ఇంత పెద్దగున్నది, పెండ్లికా?" అని బస్సు అడ్డా హోటలాయన అడిగాడట. "అవును, పెండ్లివిందే" అన్నాడట నాయిన.

ద్రాక్షరసం మా అయ్యగారి, అంటే పాస్టరుగారి, భార్య కాచేది. ఎండు ద్రాక్షను ముందురోజు నానబెట్టి, మరిగించి, గుడ్డలో పిండి తీసేది. పిండిన తొక్కలు పిల్లలమైన మాకు. ఆ శనివారం నేను తొక్కలతో ఆగకుండా, పిండనివి కూడా గుప్పెడు దొంగిలించి తిన్నాను. రాత్రంతా కడుపునొప్పి. అది నా పాపానికి శిక్ష అనుకుని, పక్కలో వణుకుతూ ప్రార్థన చేసుకున్నాను.

ఆదివారం. మా ప్రార్థన గది మట్టిగోడలది, కింద షాబాదు బండలు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద. అమ్మ మధ్యలోకి రాలేదు. తలుపు దగ్గర, చాప అయిపోయిన చోట బండ మీద కూర్చుంది. నాయిన ఆ పక్కనుంచి సైగ చేశాడు, ముందుకు జరుగు అని. ఆమె జరగలేదు. బాప్తిస్మం లేని పిల్లలం వెనక గోడకు ఆనుకుని ఉన్నాం. బల్ల మీద తెల్లగుడ్డ. దాని మీద రొట్టె, ఎప్పుడో మిషను దొరసాని ఇచ్చి వెళ్ళిన వెండిరంగు గిన్నె, దాని పక్కన నాయిన చేసిన చాయ్‌దాని. కిటికీ వెలుగు దాని మీద పడి ఎదురు గోడ మీద కదులుతోంది. నాయిన దాన్నే చూస్తున్నాడు. దేవుని సన్నిధిలో గర్వపడకూడదని తల దించుకుని, మళ్ళీ ఎత్తి చూస్తున్నాడు.

రొట్టె పంచారు. అయ్యగారు స్తుతి చెల్లించి గిన్నె పట్టుకున్నారు. గిన్నెనే. చాయ్‌దాని వైపు చెయ్యి పోలేదు.

గిన్నె మగవాళ్ళలోకి వెళ్ళింది. నాయిన దాకా వచ్చినప్పుడు ఆయన బల్ల వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు. మగవాళ్ళకు ఇట్లా, ఆడవాళ్ళకు అట్లా కాబోలు అనుకున్నాడేమో, తాగి పక్కవాడికి ఇచ్చాడు. గిన్నె ఆడవాళ్ళ వైపు వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు తాగుతూ, కొంగుతో అంచు తుడుస్తూ పంపించారు. అమ్మకు ముందు కూర్చున్నామె తాగి, అమ్మకు ఇవ్వకుండా లేచి, గిన్నెను తీసుకుపోయి బల్ల మీద పెట్టింది. ముందే చెప్పి ఉంచినట్టుగా.

అప్పుడు సంఘపెద్ద చాయ్‌దాని మూత తీసి, చెంబులో మిగిలిన రసం ఒక్క గుక్కెడు అందులో పోసి, అమ్మ దగ్గరికి నడిచాడు.

నలభైమందికి చేసిన పాత్రలో ఒక్కరి గుక్కెడు. అమ్మ మోకాళ్ళ మీద నిలబడి, తల వెనక్కి వంచి, నోరు తెరిచింది. సంఘపెద్ద పాత్రను వంచాడు. ఏమీ రాలేదు. ఇంకా వంచాడు. రసం అడుగునే ఎక్కడో తిరుగుతోంది. ఇంకా వంచితే మూత ఊడి బండల మీద పడి, దొర్లుతూ, మోగుతూ మగవాళ్ళ వైపు వెళ్ళింది. ఎవరో పిల్ల కిసుక్కుమంది. అమ్మ కళ్ళు మూసుకుని నోరు తెరిచే ఉంచింది. పాత్ర దాదాపు తలకిందులయ్యాక సన్నటి ధార ఒకటి వచ్చి సరిగ్గా ఆమె నోట్లో పడింది.

"ఆమేన్" అంది అమ్మ.

ఇంటికి వచ్చాక అమ్మే ముందు మాట్లాడింది. "ముక్కు మంచిగ కుదిరింది. ఒక్క సుక్క గూడ కింద పడలె" అంది, నాయినను ఓదారుస్తున్నట్టు. నాయిన లేచి పని చేసే పంచలోకి వెళ్ళిపోయాడు. అవ్వ ఆయన వెనకే వెళ్ళింది.

"మీ దేవుడు గసుంటి రోగమున్నోళ్ళను చెయ్యి సాపి ముట్టిండని నువ్వే గదరా సదివినవ్ మొన్న?"

"దేవున్ని ఏమనకు అవ్వా" అన్న నాయిన మాట మాత్రం వినిపించింది.

మరుసటి నెల గిన్నె నాయిన దాకా వచ్చినప్పుడు ఆయన తీసుకోలేదు. పక్కవాడికి జరిపాడు. అమ్మకు పోయడానికి సంఘపెద్ద చాయ్‌దాని ఎత్తగానే నాయిన లేచి, గది దాటి వచ్చి, అమ్మ పక్కన మోకరించాడు. మగవాళ్ళు ఆ పక్కకు రావడం మా గదిలో ఎప్పుడూ లేదు.

"ఏందిది? నీకేమన్న రోగమున్నదా?" అన్నాడు పెద్ద, నెమ్మదిగానే.

"నేను జేసిన పాత్ర పెద్దయ్యా. మంచిగ జేసిన్నో లేదో నేను తాగి చూడద్దా? పొయ్యుండ్రి."

సంఘపెద్ద అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు చిన్నవాడు, మా ఊరికి కొత్త. ఆయన బల్ల మీది గుడ్డ మడతలు సరిచేస్తూ ఉండిపోయారు. పెద్ద పోశాడు.

అప్పటి నుంచి ప్రతి నెలా ఇద్దరు. దాని ఫలితం కూడా తొందరగానే వచ్చింది. మొగుడు కూడా వేరే తాగుతున్నాడంటే అతనికీ అంటిందన్నమాట అని ఊరు అనుకుంది. బస్సు అడ్డా హోటలాయన అంతకు ముందు తీసుకుపోయిన రెండు చాయ్‌దానులను మా వాకిట్లో పెట్టి, "తప్పుగ అనుకోకు, గిరాకీలు అడుగుతున్నరు ఎవరి చేతిదని" అని వెళ్ళిపోయాడు. నారాయణపేటవాళ్ళు రావడం మానేశారు. అదే కాలంలో పట్నం నుంచి అల్యూమినియం కెటిళ్ళు దిగాయి. మా పనిని చంపింది ఆ మాటా, ఈ కెటిళ్ళా అన్నది నాయిన ఎప్పుడూ తేల్చలేదు. గరాటాలు, ఎలుకబోన్లు చేసి మమ్మల్ని బతికించాడు.

బడిలో నా దగ్గర కూర్చునే పిల్లలు కొంచెం కొంచెంగా జరిగారు. నీళ్ళకుండ దగ్గర నేను తాగాక గ్లాసును మట్టితో తోమేవారు. నెత్తిలో దీపం ముట్టించవచ్చని ఎగతాళి చేసిన రోజులే నయమనిపించింది.

మూడేళ్ళు గడిచాయి. నాకు పద్నాలుగో ఏట బాప్తిస్మానికి సిద్ధపరిచారు. ప్రశ్నలన్నిటికీ జవాబులు కంఠతా చెప్పాను. చివరి రోజు సంఘపెద్ద నన్ను పక్కకు పిలిచి, "మంచిగ నేర్సినవ్ బిడ్డా" అని తల మీద చెయ్యి పెట్టాడు. "మీ నాయిన తోవ మీ నాయినది. నువ్వు గిన్నె తీసుకుంటే అందరితోటి సమానం. అటు పోతివా, రేపు సదువుకు పోయే పాలమూరు మిషను హాస్టల్‌ల గూడ అడుగుతరు మమ్మల్ని, పిల్ల ఎసుంటిదని. ఇష్టం నీది."

వాగులో ముంచి లేపారు. కొత్త సృష్టివయ్యావన్నారు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

బల్లనాటి పొద్దున అమ్మ నా తల దువ్వింది. వంగిపోయిన వేళ్ళ సందులో దువ్వెన ఇరికించి, మణికట్టు తిప్పుతూ దువ్వేది. చిక్కు తగిలితే ఆమెకు తెలిసేది కాదు, నాకు తెలిసేది. ఆ రోజు నేను అరవలేదు.

"ఏడ కూసుంటవని నేను అడుగ బిడ్డా. నువ్వు గూడ నాకు చెప్పకు" అంది.

నాయిన నా వైపు చూడకుండా చెప్పులు వేసుకుని ముందు నడిచాడు. గదిలోకి వెళ్ళాక తలుపు దగ్గర అమ్మ తన బండ మీద కూర్చుంది. ఆమె పక్కన ఇద్దరికి సరిపోయే చోటు ఉంది. నేను ఆ చోటు దాటి, నా ఈడు పిల్లలు ఉన్న నడి వరుసలోకి వెళ్ళి కూర్చున్నాను. పక్కనున్న పిల్ల నాకు చోటిచ్చి, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

గిన్నె వచ్చింది. తీసుకున్నాను. అంతమంది పెదవులు తాకిన అంచు వెచ్చగా ఉంది. తాగాను. అవతలికి ఇచ్చాను. ఆ తర్వాత నాయిన లేచి గది దాటి వస్తున్న అడుగుల చప్పుడు, పాత్ర వంచుతున్న చప్పుడు వినిపించాయి. నేను తల తిప్పలేదు.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర ఉండి, నన్ను పిలిచి అడిగింది. కోపం లేదు, దెప్పు లేదు.

"గిన్నెల తియ్యగుంటదా బిడ్డా? నాకు యాదిలేకుంట పోయింది. గా ముక్కులకెల్లి వచ్చేసరికి తగరం రుచే వస్తది."

"ఉంటది" అన్నాను.

"గట్లనా" అంది. తృప్తిగా తల ఊపి, రొట్టె తిప్పింది.

ఆ పై వానాకాలంలో అమ్మ కాలికి ముల్లు దిగి, తెలియక, పుండై, అది పైకి పాకి, అమ్మ కన్నుమూసింది. ఖననానికి సంఘమంతా వచ్చింది. పాడె మోసినవారిలో సంఘపెద్ద ఉన్నాడు. అవ్వ ఆ వారమంతా గటక తన తలెలో కలిపి, సగం తిని, మిగతాది ఎవరికీ పెట్టకుండా అట్లాగే ఉంచేది. నాయిన బతికినన్నాళ్ళూ నెలకొకసారి ఒక్కడే తలుపు దగ్గర మోకరించి, ఆ పెద్ద పాత్రలోంచి తన గుక్కెడు పోయించుకునేవాడు. మానుకొమ్మని ఎందరు చెప్పినా వినలేదు. నేను అప్పటికి హాస్టల్‌లో ఉన్నాను. సెలవుల్లో వచ్చినప్పుడు నడి వరుసలోనే కూర్చునేదాన్ని.

ఇన్నేళ్ళలో వాక్యం చాలాసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివాను. స్త్రీల కూడికల్లో చెప్పాను కూడా. క్షమాపణ గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. బల్లకు ముందు అయ్యగారు, ఎవరి పాపాలు వారు మౌనంగా ఒప్పుకోండి అంటారు. నేను ప్రతి నెలా అదొక్కటే ఒప్పుకుంటాను. గిన్నెలో తాగానని కాదు. భయపడ్డ పిల్ల తాగింది, దాన్ని దేవుడు ఆ రోజే మన్నించి ఉంటాడు. వెచ్చటి ఆ అంచు పెదవికి తగిలినప్పుడు, మా అమ్మ నా వీపు వెనక నోరు తెరిచి ఎదురుచూస్తుండగా, నాకు సంతోషం వేసింది. నేనూ అందరిలో ఒకదాన్నయ్యానని ఒళ్ళంతా సంతోషం. అంత సంతోషం మళ్ళీ ఏ బల్ల దగ్గరా నాకు కలగలేదు.